బ్లేడు విరిగితే బ్లేడొక్కటే చూడకండి

సేద్యం యంత్రాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మామిడికాయ దిగిపోయి నాలుగు వానలు పడితే చాలు, తోపుల్లో వయ్యారిభామ మోకాలెత్తు లేస్తుంది. అప్పటిదాకా షెడ్డులో ఓ మూల పడున్న గడ్డి కొట్టే మిషన్, అదే స్లాషర్, ఆ వారంలోనే బయటికొస్తుంది. దాంతోపాటే మాకు ఉత్తరాలూ వస్తాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చినవాటిలో బ్లేడ్లకూ, ట్రాక్టర్ వెనక తిరిగే మొన (పీటీఓ) నుంచి మిషనుకు శక్తిని చేర్చే పీటీఓ షాఫ్టుకూ సంబంధించినవి ఈసారి ఒకచోట చేర్చాము.

జవాబులకు ముందు ఒక్క మాట. కింద చెప్పిన ఏ పనికైనా పీటీఓ తప్పించి, ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే మిషన్ దగ్గరికి పోవాలి. పీటీఓ ఆపినా బ్లేడ్లు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి, పూర్తిగా నిలిచేదాకా ఆగండి. మిషన్ కిందికి దూరాల్సి వస్తే హైడ్రాలిక్‌ను నమ్మి దూరొద్దు. నాలుగు మూలలా దిమ్మెలు పెట్టి, వాటిమీదికి దించండి.

ప్రశ్న: మాది ఐదడుగుల స్లాషర్. రాయి తగిలి ఒక బ్లేడు వంగిపోతే అదొక్కటే కొత్తది వేసినాము. అప్పటినుంచి బండంతా అదురుతోంది, సీట్లో కూర్చోలేకున్నాము. పాత బ్లేడుకు వెల్డింగ్ కొట్టి బరువు సరిచేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. చేయించవచ్చునా?
(రైతు, బంగారుపాళ్యం)

జవాబు: వెల్డింగ్ మాత్రం చేయించకండి. బ్లేడును తయారుచేసేటప్పుడే వేడిచేసి చల్లార్చి, గట్టిదనమూ ఉండేట్టు, దెబ్బకు పగలకుండా తట్టుకునేట్టు చేస్తారు. వెల్డింగ్ పడినచోట ఆ గుణం పోతుంది. కొంత మేర గాజులాగా పెళుసెక్కుతుంది, దాని పక్కనే మెత్తబడుతుంది. ఇంకోసారి రాయి తగిలితే సరిగ్గా ఆ అతుకు దగ్గరే విరుగుతుంది. విరిగిన ముక్క ఎంత వేగంతో పోతుందో లెక్కగట్టి చూడండి. పీటీఓ వేగం నిమిషానికి 540 చుట్లు. గేర్‌బాక్స్ దాన్ని 800కు పెంచేదైతే, ఐదడుగుల కోతలో బ్లేడు కొన గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగంతో ఎగిరిన ఇనుపముక్కకు పక్క తోపులో ఉన్న మనిషి కూడా దూరం కాదు.

అదురు ఎందుకంటే, బ్లేడ్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. కొత్తదానికీ అరిగినదానికీ 200 గ్రాముల తేడా ఉందనుకోండి. మధ్య నుంచి రెండడుగుల దూరంలో ఉన్న ఆ 200 గ్రాములు, 800 చుట్ల వేగంలో గేర్‌బాక్స్ కింది షాఫ్టును దాదాపు 85 కిలోల బలంతో ఒక పక్కకు గుంజుతాయి. ఆ గుంజుడు సెకనుకు 13 సార్లు చుట్టూ తిరుగుతుంది. దాన్ని కింది బేరింగూ ఆయిల్ సీలూ మోయాలి. మీ సీటుకు తెలుస్తున్నది అందులో కొంచెమే.

కాబట్టి ఒకే కంపెనీ, ఒకే నంబరు బ్లేడ్లు రెండూ కొత్తవి తెచ్చుకోండి. బిగించేముందు రెండింటినీ కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. తేడా ఉంటే బరువైనదాని పైవైపు, పదును ఉన్నచోటే కొంచెం రుద్ది సరిచేయాలి. బోల్టు రంధ్రం దగ్గర మాత్రం ఎప్పుడూ రుద్దొద్దు.

రాయి గట్టిగా తగిలిందని రాశారు కనుక బ్లేడ్లు మార్చాక ఇంకోటి చూడాలి. మిషన్ చదునైన నేలమీద దిమ్మెలపై ఉండగా, ఒక బ్లేడు కొనను మిషన్ వెనక్కి తెచ్చి నేల నుంచి ఎత్తు కొలవండి. రెండో బ్లేడును అదే చోటికి తిప్పి మళ్లీ కొలవండి. రెండూ దాదాపు సమంగా ఉండాలి. అర అంగుళం మించి తేడా వస్తే వంగింది బ్లేడ్లు పట్టుకునే పళ్లెమో, గేర్‌బాక్స్ కింది షాఫ్టో అయ్యుంటుంది. దాన్ని వదిలేసి ఎన్ని బ్లేడ్లు మార్చినా అదురు పోదు.

బోల్టును కూడా చేతిలోకి తీసుకుని చూడండి. బ్లేడు తిరిగే నున్నటి భాగంలో వేలికి మెట్టులాగా తగిలితే ఆ బోల్టు పని అయిపోయినట్టే. బ్లేడు రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా అంతే. బిగించాక బ్లేడు చేత్తో తోస్తే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఊగకూడదు. అది తిరిగేట్టు పెట్టింది రాయి తగిలినప్పుడు వెనక్కి మడుచుకోవడానికే. తుప్పుపట్టి బిగుసుకుపోతే దెబ్బంతా గేర్లకు పోతుంది. నట్టును మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించి, కాటర్ పిన్ ఉన్న రకమైతే ప్రతిసారీ కొత్త పిన్నే వేయండి. మొదటి గంట కోత అయ్యాక ఆపి మళ్లీ ఒకసారి బిగించి చూడాలి, కొత్త భాగాలు సర్దుకున్నాక నట్టు కొంచెం వదులవుతుంది.

ప్రశ్న: స్లాషర్ బ్లేడును కొడవలి మాదిరి పదును పెట్టిస్తే మంచిదా?
(ఐరాల నుంచి)

జవాబు: కొడవలి పదును అవసరం లేదు. అంత పలుచని అంచు మొదటి గులకరాయికే మడతపడుతుంది. అంచు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం మిగిలేట్టు, పైవైపు నుంచి మాత్రమే, మొదట ఉన్న వాలులోనే గ్రైండర్ పట్టండి. అడుగువైపు తాకొద్దు. ఇనుము నీలం రంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టు. అందుకే కొంచెం పట్టి, ఆగి, చల్లారాక మళ్లీ పట్టాలి. ఒక బ్లేడుకు ఎంత తీశారో రెండోదానికీ అంతే తీసి కాటా వేయండి. బ్లేడు వెనక అంచు పైకి లేచి ఉంటుంది, పడుకున్న గడ్డిని గాలితో పైకి లేపేది అదే. అది అరిగి పలుచబడితే ముందు అంచు ఎంత పదునున్నా గరికను నలుపుతుందే కానీ కోయదు. ఇక పదును ఆపి జత మార్చాల్సిందే.

ప్రశ్న: పాత ట్రాక్టర్ అమ్మి పెద్ద బండి తీసుకున్నాము. స్లాషర్ అదే, షాఫ్టూ అదే. మూడు నెలల్లో రెండు క్రాసులు పోయినాయి. గ్రీసు కొడుతూనే ఉన్నాము. నాసిరకం క్రాసులా?
(బాడుగకు ట్రాక్టర్ నడిపేవారు, పాకాల)

జవాబు: క్రాసుల (షాఫ్ట్ చివర్లలో వంగే జాయింట్ల లోపలి నాలుగు కాళ్ల ముక్కల) రకాన్ని తప్పుపట్టే ముందు షాఫ్ట్ పొడవు చూడండి. ట్రాక్టర్ మారితే పీటీఓ మొనకూ మిషన్ గేర్‌బాక్సుకూ మధ్య దూరం మారుతుంది, ఎత్తు కూడా మారుతుంది. పాత బండికి కోయించిన షాఫ్ట్ కొత్తదానికి సరిపోతే అది అదృష్టమే.

పోయిన క్రాసును పారేయకుండా ఉంటే దాని నాలుగు కాళ్లూ తుడిచి వెలుతురులో చూడండి. కాళ్లమీద సూదులు ఒత్తినట్టు వరసగా గాట్లు ఉంటే బరువు మించిందని, లేదా కోణం మించిందని అర్థం. నల్లగా, నీలంగా కాలి ఉంటే గ్రీసు అందలేదు. కప్పుల చుట్టూ ఎర్రటి పొడి రాలుతుంటే లోపల ఎండిపోయి తుప్పు నలుగుతోంది. మీరు గ్రీసు కొడుతున్నామన్నారు సరే, నాలుగు కప్పుల అంచుల నుంచీ కొత్త గ్రీసు బయటికొచ్చిందా? మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే ఆ ఒక్క కాలు ఎండుతున్నట్టే. షాఫ్టును చేత్తో అటూ ఇటూ వంచుతూ కొట్టండి, దారి తెరుచుకుంటుంది. క్రాసులకు ప్రతి 8 గంటల పనికీ, అంటే రోజూ, కొట్టాలి. ఒకదాంట్లోకి ఒకటి జారే గొట్టాలకు కూడా ఆ లెక్కే. చాలామంది మరిచేది ఈ గొట్టాలనే. అవి ఎండి పట్టేస్తే మిషన్ లేచి దిగినప్పుడల్లా షాఫ్ట్ జారడం మాని, ముందున్న ట్రాక్టర్ పీటీఓ బేరింగునూ వెనకున్న గేర్‌బాక్సునూ గుద్దుతుంది.

పొడవు కొలిచే పద్ధతి ఇది. షాఫ్టును రెండు ముక్కలుగా లాగి, ఒకటి ట్రాక్టరుకు, ఒకటి మిషనుకు తగిలించండి. హైడ్రాలిక్‌తో మిషన్‌ను మెల్లగా లేపుతూ దించుతూ రెండు మొనలూ ఎక్కడ బాగా దగ్గరవుతాయో చూడండి. ఎక్కువ బండ్లలో షాఫ్ట్ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడే అది పొట్టిగా ఉంటుంది. అక్కడ ఆపి దిమ్మెలు పెట్టి, ఇంజను ఆపి, రెండు ముక్కలనూ పక్కపక్కన పట్టుకోండి. గొట్టం కొన ఎదుటి యోక్‌కు (క్రాసును పట్టుకునే రెండు చెవుల ముక్కకు) తగలకుండా కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి ప్లాస్టిక్ కవర్లు, అన్నింటినీ ఒకే కొలతకు కోయించాలి. ఒకటి కోసి ఇంకోటి వదిలేస్తే పనికిరాదు. కోసిన అంచులను ఆకురాయితో నున్నచేసి, లోపల పడిన రజను గుడ్డతో తుడిచి, గ్రీసు పట్టించి కలపండి. ఆ రజను అలాగే ఉంటే గ్రీసులో కలిసి గొట్టాన్ని తినేస్తుంది.

తర్వాత మిషన్‌ను పూర్తిగా దించి, పూర్తిగా లేపి చూడండి. షాఫ్ట్ అన్నిటికన్నా పొడుగ్గా సాగినచోట కూడా గొట్టాలు మూడో వంతు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. గొట్టం 75 సెంటీమీటర్లుంటే 25 సెంటీమీటర్లు లోపల ఉండాలన్నమాట. అంతకన్నా తక్కువైతే మిషన్ గుంతలోకి దిగినప్పుడు షాఫ్ట్ ఊడి కొరడాలా తిరుగుతుంది. అలాంటప్పుడు కోసి అతికించే పని పెట్టుకోకుండా పొడుగు షాఫ్టే కొనండి.

ఇక కోణం. యూనివర్సల్ జాయింట్, అంటే క్రాసు ఉండే కీలు, వంగి తిరిగినప్పుడు అవతలి కొన ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 15 డిగ్రీల వంపులో 540 కాస్తా 522 నుంచి 559 మధ్య ఊగుతుంది, అది పెద్ద ఇబ్బంది కాదు. 30 డిగ్రీలైతే 468 నుంచి 624 దాకా ఊగుతుంది. క్రాసు కాళ్లమీద గాట్లు పడేది ఇలాంటప్పుడే. రెండో జాయింటు ఈ ఊగుడును సరిచేయాలంటే రెండు షరతులున్నాయి. ముందు జాయింటూ వెనక జాయింటూ ఒకే కోణంలో వంగాలి, గొట్టాలకు అతికి ఉన్న రెండు యోక్‌ల చెవులూ ఒకే వరసలో ఉండాలి. చదరపు గొట్టం షాఫ్టును విప్పి మళ్లీ కలిపేటప్పుడు పావు చుట్టు తిరిగి కూర్చోవడం మామూలే. అలా కూర్చుంటే ఊగుడు తగ్గడానికి బదులు రెట్టింపవుతుంది. మీరు షాఫ్టును కొత్త బండికి మార్చినప్పుడు ఇదే జరిగిందేమో ముందు చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు. అట్లే గెనిమ దాటేటప్పుడు పీటీఓ తిరుగుతుండగానే మిషన్‌ను పూర్తిగా ఎత్తే అలవాటు ఉంటే ఈరోజే మానుకోండి.

ప్రశ్న: గేర్‌బాక్సులో నూనె నిలవడం లేదు. సీలు మార్చి నెల కాలేదు, మళ్లీ కారుతోంది. నూనె బదులు గ్రీసు కూరితే కారదు కదా?
(మామిడి రైతు, దామలచెరువు)

జవాబు: తోపులో డ్రిప్ పైపులు ఉన్నాయా? ఉంటే సమాధానం చాలావరకు అక్కడే దొరుకుతుంది. పక్కకు లాగకుండా వదిలేసిన లేటరల్ పైపు ముక్క, టమోటా చేనైతే కర్రలకు కట్టిన జీఐ తీగ, నైలాన్ పురి, ఇవన్నీ బ్లేడ్లకు చిక్కి గేర్‌బాక్స్ కింది షాఫ్టుకు చుట్టుకుంటాయి. పైనుంచి చూస్తే కనిపించవు. చుట్టుకున్నది వేడికి కరిగి, బిగిసి, సీలు పెదవి కిందికి దూరుతుంది. మిషన్‌ను దిమ్మెలమీద పెట్టి పళ్లేనికీ గేర్‌బాక్సుకూ మధ్య సందులో టార్చి వేసి చూడండి. ఉంటే కత్తితో నిలువునా కోసి మొత్తం తీసేయాలి, లాగితే సగం లోపలే ఉండిపోతుంది.

కొత్త సీలు వేసేముందు షాఫ్టుమీద సీలు ఆనేచోట గోరు పెట్టి గీయండి. గోరు గాడిలో ఆగితే కొత్త సీలు కూడా నెలకే కారుతుంది, మీకు జరిగింది బహుశా ఇదే. చోటు ఉంటే సీలును రెండు మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో జరిపి, గాడి లేని చోట ఆనేట్టు కూర్చోబెట్టాలి. లేకుంటే లేత్ షాపులో షాఫ్టుకు పలుచని స్లీవు వేయించాలి. కింది బేరింగు వదులై షాఫ్ట్ ఊగుతుంటే మాత్రం బేరింగు, సీలు కలిపే మార్చాలి.

ఇంకో కారణం, గేర్‌బాక్సు మీద ఉండే చిన్న గాలి రంధ్రం. గడ్డి దుమ్ముతో అది మూసుకుంటే లోపల గాలి వేడెక్కి ఉబ్బి, నూనెను సీలు గుండా బయటికి తోస్తుంది. మూత విప్పి డీజిల్‌లో కడిగి ఊదండి. నూనె ఎక్కువ పోసినా అలాగే కారుతుంది, లెవెల్ ప్లగ్గు దాకానే పోయాలి. సాధారణంగా వాడేది ఈపీ 90 గేర్ ఆయిలు, మాన్యువల్‌లో వేరేది చెప్తే అది. నూనె మజ్జిగ రంగులోకి మారితే నీళ్లు చేరాయి, మొత్తం తీసి కొత్తది పోయండి. కొత్త గేర్‌బాక్సుకు మొదటి 50 గంటలకు నూనె మార్చాలి, మొదట్లో గేర్లు ఒరుసుకుని రాలిన ఇనుప రజను అందులోనే ఉంటుంది.

మామూలు గ్రీసు కూరకండి. గేర్లు తిరిగేకొద్దీ అది పక్కలకు తోసుకుపోయి అక్కడే ఉండిపోతుంది, పై బేరింగుకు చేరదు. కారడం ఆగిందని మీరు నిశ్చింతగా ఉంటారు, పై బేరింగు మాత్రం ఎండి కాలిపోతుంది.

ప్రశ్న: షియర్ బోల్టులు రోజుకు రెండు తెగుతున్నాయి. గట్టి బోల్టు వేసుకుంటే పని ఆగదు కదా అని మా డ్రైవర్ అంటున్నాడు.
(గంగాధర నెల్లూరు)

జవాబు: ఆ బోల్టు పెట్టిందే తెగడానికి. బోల్టు తలమీద 8.8 అని ఉన్నదానికి బదులు 10.9 వేస్తే దాని బలం నాలుగో వంతు పెరుగుతుంది. అప్పుడు రాయి తగిలితే తెగేది బోల్టు కాదు, గేరు పల్లో క్రాసో. చీల కొట్టడం, ఊచ దూర్చడం మరీ ప్రమాదం. మిషనుతో వచ్చిన గ్రేడు, అదే సైజు వేయండి.

రోజుకు రెండు తెగుతున్నాయంటే ముందు బోల్టు రంధ్రాలు చూడండి. రంధ్రం సాగితే బోల్టు లోపల ఆడుతూ, సుత్తి దెబ్బలు తిన్నట్టు తిని తెగుతుంది. తెగిన ముక్క అడ్డంగా నున్నగా ఉంటే ఒక్క దెబ్బకు తెగింది, అంటే రాయో మోడో తగిలింది. ముక్కమీద అరుగు గీతలు, మెట్లు ఉంటే రంధ్రం సంగతే. ఇక డ్రైవర్ పీటీఓ వేసే తీరు గమనించండి. ఇంజను సగం స్పీడులో ఉండగా క్లచ్ ఒక్కసారిగా వదిలితే, ఆగి ఉన్న బ్లేడ్ల బరువంతా ఆ చిన్న బోల్టుమీదే పడుతుంది. తక్కువ స్పీడులో మెల్లగా కలిపి, బ్లేడ్లు తిరగడం మొదలయ్యాకే 540కి తీసుకుపోవాలి.

ప్రశ్న: మా షాఫ్టుకు స్లిప్ క్లచ్ ఉంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో మూడు నెలలు మిషన్ బయటే ఉంది. వాడేముందు ఏమైనా చేయాలా?
(సత్యవేడు)

జవాబు: తప్పకుండా చేయాలి. షియర్ బోల్టు తెగి చేసే పనిని ఈ క్లచ్ ప్లేట్లు జారి చేస్తాయి. తేమకు ఆ ప్లేట్లు తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చూడ్డానికి క్లచ్ బాగానే ఉంటుంది, రాయి తగిలినప్పుడు మాత్రం జారదు. ముందు స్ప్రింగుల పొడవు స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి. నట్లన్నీ సమంగా రెండేసి చుట్లు వదులు చేయండి. ప్లేట్ల అంచులమీద అడ్డంగా ఒకే గీత సుద్దతో గీయండి. మిషన్ దించి, మనుషులను దూరంగా పంపి, తక్కువ స్పీడులో రెండు మూడు సెకన్లు పీటీఓ కలిపి తీసేయండి. కొంచెం పొగ వస్తే భయపడొద్దు. ఇంజను ఆపి గీత చూడండి. ప్రతి ప్లేటు దగ్గరా గీత విడిపోయి ఉండాలి. విడకపోతే ఇంకొకసారి. అప్పటికీ కదలకపోతే క్లచ్ విప్పి ప్లేట్లు శుభ్రం చేయించాలి. విడిపోతే చల్లారనిచ్చి, రాసుకున్న స్ప్రింగు పొడవుకే బిగించండి. జారుతోందని స్ప్రింగు పూర్తిగా నొక్కుకునేదాకా బిగిస్తే అది క్లచ్ కాదు, ఇనుప దిమ్మె.

ప్రశ్న: పాత ట్రాక్టర్, ఒకే క్లచ్. గడ్డి కొట్టేటప్పుడు క్లచ్ తొక్కినా బండి ఆగకుండా గెనిమ మీదికి తోసుకుపోతోంది. బ్రేకులు కొత్తవే.
(పలమనేరు)

జవాబు: తప్పు బ్రేకులది కాదు. మీరు క్లచ్ తొక్కినప్పుడు ఇంజను విడిపోతుంది కానీ, జోరుమీద తిరుగుతున్న బ్లేడ్లు షాఫ్ట్ గుండా వెనక్కి ట్రాక్టర్ గేర్‌బాక్సును, అక్కడినుంచి చక్రాలను తిప్పుతాయి. బావి గట్టుమీదో చెరువు కట్టమీదో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. పీటీఓ మొనకు ఓవర్‌రన్నింగ్ కప్లింగ్ వేయించండి. అది ఒకవైపే శక్తిని పోనిస్తుంది, ఎదురు తోపును వదిలేస్తుంది. దాన్ని వేస్తే షాఫ్ట్ కూర్చునే చోటు కొన్ని అంగుళాలు వెనక్కి జరుగుతుంది కనుక, పాకాల పాఠకుడికి పైన చెప్పిన కొలతలన్నీ మళ్లీ తీసి షాఫ్టును కోయించాలి. అది వేసేదాకా గెనిమకు చాలా ముందే స్పీడు తగ్గించండి.

ప్రశ్న: గడ్డి సమంగా తెగుతోంది కానీ ఇంజను మీద బరువు ఎక్కువ పడుతోంది, డీజిల్ ఎక్కువ తాగుతోంది.
(చంద్రగిరి)

జవాబు: మిషన్ వెనక భాగం ముందుకన్నా కిందికుందేమో చూడండి. ముందువైపు బ్లేడు కొన వెనకదానికన్నా రెండు సెంటీమీటర్లు కిందికి ఉండేట్టు టాప్ లింకు (మిషన్ పైభాగాన్ని ట్రాక్టరుకు కలిపే కడ్డీ) సరిచేయండి. అప్పుడు గడ్డి ముందు ఒకసారి తెగి వెనక్కి పోతుంది. వెనక కిందికుంటే తెగినదాన్నే మళ్లీ మళ్లీ కొడుతుంది.

ప్రశ్న: షాఫ్ట్ మీది పసుపు ప్లాస్టిక్ కవర్ పగిలిపోయింది. అది లేకుండా నడపవచ్చునా?
(పుత్తూరు)

జవాబు: నడపకూడదు. 540 చుట్లంటే సెకనుకు 9 చుట్లు. ఏడు సెంటీమీటర్ల లావున్న షాఫ్ట్ ఒక్క సెకనులో దాదాపు రెండు మీటర్ల గుడ్డను చుట్టేస్తుంది. లుంగీ అంచు, తలగుడ్డ కొస, చీర కొంగు ఒకసారి చిక్కాయంటే చేయి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. కవర్ విడిగా దొరుకుతుంది, షాఫ్ట్ గొట్టం లావూ పొడవూ కొలుచుకుపోయి తెచ్చుకోండి. వేశాక ఇంజను ఆపి ఉండగా చేత్తో తిప్పితే కవర్ షాఫ్ట్ మీద సులువుగా తిరగాలి. పట్టేస్తే దాని లోపలి ప్లాస్టిక్ బేరింగుకు గ్రీసు పెట్టండి. కవర్‌కు రెండు చివర్లా ఉన్న గొలుసుల్లో ఒకటి ట్రాక్టర్‌కు, ఒకటి మిషనుకు తగిలించాలి. మలుపుల్లో తెగకుండా కొంచెం వదులుగా ఉంచండి. మిషన్‌ను ఎత్తే లింకు చేతులకు మాత్రం తగిలించొద్దు, మిషన్ లేచినప్పుడు గొలుసు గుంజుకుని కవర్ మళ్లీ పగులుతుంది.